అనంతగిరి గాలి, తాళం పడ్డ బడి

వికారాబాద్ పక్కన అనంతగిరి కొండల్లో నిజాం కాలం నాటి క్షయ ఆసుపత్రి ఉంది. ఆ జబ్బుకు సరైన మందు లేని రోజుల్లో వైద్యులు నమ్ముకున్నవి మూడే: గాలి, వెలుతురు, కడుపునిండా తిండి. కొండ మీద అడవి మధ్య ఆసుపత్రి కట్టడంలోని ఉద్దేశం అదే. ఊపిరితిత్తుల జబ్బు మూసిన గదుల్లో పెరుగుతుందనీ, ఆరుబయట మనిషి కోలుకుంటాడనీ ఈ జిల్లాకు ఎవరూ కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

2020 మార్చిలో ఊపిరితిత్తుల మీదికి కొవిడ్ అనే మరో జబ్బు వచ్చింది. ఈసారి మన పిల్లలకు మనం దూరం చేసినవి సరిగ్గా ఆ మూడే. వాటితోపాటు, వైద్యుల చీటీల్లో రాయని నాలుగోదాన్నీ దూరం చేశాం. అది తోడు. మహమ్మారి ముగిసిందని ప్రపంచం ఊపిరి పీల్చుకుని ఏళ్లు గడిచాయి. లాక్‌డౌన్ పిల్లల ఒంటికీ మనసుకూ చేసిన చెరుపును లెక్కగట్టే పని మాత్రం వికారాబాద్‌లో గానీ, తాండూరులో గానీ, హైదరాబాద్ సచివాలయంలో గానీ సరిగా మొదలే కాలేదు. చదువులో వెనకబడ్డారని అందరం అంటున్నాం. ఆరోగ్యంలో ఎంత వెనకబడ్డారో అడిగేవారు లేరు.

ముందుగా తేదీలు చూడాలి. తెలంగాణలో బడులు 2020 మార్చి 16న మూతపడ్డాయి. వారం తిరగకుండానే జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. మద్యం దుకాణాలు మే 6న తెరిచారు. నెలన్నరకు మించి మూసి ఉంచలేకపోయారు. సినిమా హాళ్లకు నవంబరులో అనుమతి వచ్చింది. తొమ్మిది, పది తరగతుల పిల్లలు 2021 ఫిబ్రవరి 1న, ఆరు నుంచి ఎనిమిది వరకు చదివేవారు ఫిబ్రవరి చివరి వారంలో బడికి వచ్చారు. మార్చి 24న అందరినీ మళ్లీ ఇంటికి పంపేశారు. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చదివే చిన్నపిల్లలకైతే మధ్యలో ఆ నాలుగు రోజుల భాగ్యమూ లేదు. 2020 మార్చి 16 నుంచి 2021 సెప్టెంబరు 1 వరకు, లెక్క పెడితే 534 రోజులు, వారికి బడి లేదు. ఆరేళ్ల బిడ్డ వయసులో అది నాలుగో వంతు.

మొదట్లో బడులు మూయడం తప్పని ఎవరూ అనలేరు. వైరస్ ఎలా సోకుతుందో, ఎవరిని ఎక్కువగా బలి తీసుకుంటుందో తెలియదు. తాతా నానమ్మా ఒకే కప్పు కింద ఉండే ఇళ్లు మనవి. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ పడక కోసం జనం పడ్డ యాతన చూసినవారెవరూ ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయరు. తప్పు మూయడంలో లేదు. ఎప్పుడు తెరవాలో ఆలోచించకపోవడంలో ఉంది. మూసి ఉన్నన్నాళ్లూ బడి చేసే మిగతా పనులు ఎవరు చేస్తారని అడగకపోవడంలో ఉంది.

మూసినందుకు వైరస్ ఆగిందా అంటే అదీ లేదు. 2021 జూన్, జులై నెలల్లో భారత వైద్య పరిశోధన మండలి జరిపిన నాలుగో సీరో సర్వేలో ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 57.2 శాతం మందిలో, పది నుంచి పదిహేడేళ్ల వారిలో 61.6 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. అంటే బడికి తాళం వేసినా సగానికి మించిన పిల్లలను వైరస్ ఇంట్లోనే పలకరించి పోయింది. పిల్లలు వైరస్‌ను పెద్దలకన్నా మెరుగ్గా తట్టుకుంటారు గనుక ముందు ప్రాథమిక పాఠశాలలు తెరవడం మేలని అప్పటి మండలి అధిపతి బలరాం భార్గవ అదే జులైలో చెప్పారు. అప్పటికే మనం ఆ వరసను తలకిందులు చేసి ఉన్నాం.

గాలి

తాండూరు పేరు చెప్పగానే రెండు గుర్తొస్తాయి: కందిపప్పు, నాపరాయి. రాయి తీసే గనులు, పాలిష్ యూనిట్లు, ఆ పక్కనే సిమెంటు కర్మాగారాలు. లారీ వెళితే దుమ్ము లేస్తుంది, ఆ దుమ్ము పిల్లల ముక్కుల్లో పేరుకుంటుంది. లాక్‌డౌన్ తొలి వారాల్లో యంత్రాలు ఆగి గాలి తేటపడింది. ఆ గాలి పీల్చడానికి పిల్లలు బయటికి రాకూడదు! వేసవి మధ్యలో యంత్రాలు మళ్లీ తిరిగాయి, దుమ్ము మళ్లీ లేచింది; బడి మాత్రం తెరుచుకోలేదు. రాతి పని చేసే కుటుంబాల్లో చాలామంది పని చోటికి దగ్గర్లోనే కాపురం ఉంటారు. ఆ ఇంటి బిడ్డకు బడి ఉంటే రోజులో ఆరేడు గంటలు ఆ దుమ్ముకు ఎడంగా గడుస్తాయి. బడి లేకపోతే పగలూ రాత్రీ అక్కడే.

ఆట సంగతి చూద్దాం. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజూ కనీసం గంటసేపు ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో మార్గదర్శకాలిచ్చింది. చిర్రగోనె, కబడ్డీ, ఖోఖో ఆడే మన పిల్లలకు ఎవరూ చెప్పకుండానే ఆ గంట దాటిపోయేది. ఎముక గట్టిపడటం, కండ పెరగడం, పడి లేవడం నేర్చుకోవడం, ఓడిపోతే ఏడ్చి మళ్లీ ఆటలోకి రావడం అన్నీ ఆ గంటలోనే జరుగుతాయి. పల్లెల్లో, తండాల్లో కట్టడి సడలగానే పిల్లలు వీధుల్లోకి వచ్చేశారు. వాళ్లను ఆపే శక్తి ఎవరికీ లేదు. వికారాబాద్, తాండూరు పట్టణాల్లో అద్దె గదుల్లో పెరిగే పిల్లలకు ఆ వీధి కూడా లేదు. అమెరికాలో 4.3 లక్షల మంది పిల్లలు, యువకుల వైద్య రికార్డులు పరిశీలిస్తే, ఎత్తుకు తగ్గ బరువును చెప్పే సూచీ పెరిగే వేగం మహమ్మారి కాలంలో దాదాపు రెట్టింపయిందని తేలింది. మన పట్టణాల్లో అలాంటి లెక్క ఎవరూ తీయలేదు. లెక్క తీయకపోతే జబ్బు లేనట్టు కాదు.

వెలుతురు

చైనాలోని ఫెయ్‌చెంగ్ నగరంలో ఏటా బడి పిల్లల కళ్లు పరీక్షిస్తారు. ఆరేళ్ల పిల్లల్లో హ్రస్వదృష్టి అంతకుముందు ఐదేళ్లలో ఎప్పుడూ 5.7 శాతం దాటలేదు. ఇళ్లలో కొన్ని నెలలు బందీలుగా గడిపాక, 2020 పరీక్షల్లో అది 21.5 శాతానికి ఎగబాకింది. పెరిగే వయసులో కంటికి ఎండ వెలుతురు కావాలి. ఆ వెలుతురు రెటీనాలో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేయించి, కనుగుడ్డు అవసరానికి మించి పొడవు సాగకుండా పట్టి ఉంచుతుంది. గదిలో కూర్చుని జానెడు దూరంలో ఫోన్ చూసే కంటికి ఆ పట్టు దొరకదు. చిన్న వయసులో కన్ను సాగితే తిరిగి యథాస్థితికి రాదు. అద్దాలు వేసి సర్దుకోవడమే.

ఆన్‌లైన్ పాఠాలకు హద్దు గీసే ప్రయత్నం జరగకపోలేదు. బడికి రాని వయసు పిల్లలకు రోజుకు అరగంట, ఎనిమిదో తరగతి వరకు ముప్పావు గంట మించని రెండు పాఠాలు, ఆపై తరగతులకు నాలుగు చాలని కేంద్ర విద్యాశాఖ 2020 జులైలో ‘ప్రజ్ఞాత’ పేరుతో చెప్పింది. రుసుము వసూలు చేసే ప్రైవేటు బడికి ఆ హద్దు పట్టలేదు. సర్కారు బడి పిల్లలకు ఆ హద్దు దాకా వెళ్లే అవకాశమే లేదు. ఆ సెప్టెంబరు 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానెళ్లలో పాఠాలు మొదలైతే, అవి మూడో తరగతి నుంచి పైవారికే. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు టీవీ పాఠమూ లేదు. దేశంలో బడి పిల్లలున్న పల్లె కుటుంబాల్లో స్మార్ట్‌ఫోన్ ఉన్నవి 2018లో 36.5 శాతం, 2020లో 61.8 శాతం అని పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే చెప్పింది. ఇంటికొక్క ఫోన్ ఉన్నా అది పొద్దున్నే నాన్న జేబులో పనికి వెళ్లిపోతుంది. రాత్రి తిరిగొచ్చాక, చీకట్లో, ముగ్గురు పిల్లల మధ్య నలుగుతుంది. ఆ వేళ చూసేది పాఠం కాదని అందరికీ తెలుసు. లాక్‌డౌన్‌లో చేతికొచ్చిన ఫోన్ బడి తెరిచాక కూడా చేయి దిగలేదు.

తిండి

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. మన పిల్లల పోషణ చెడిపోవడానికి లాక్‌డౌనే కారణమనడం సరి కాదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణలో 2019 ద్వితీయార్ధంలోనే, అంటే మహమ్మారికి ముందే, జరిగింది. అప్పటికే అయిదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకుముందు సర్వేలో అది 60.7 శాతమే. కాబట్టి లాక్‌డౌన్ బలమైన పిల్లల మీద పడ్డ కష్టం కాదు. అప్పటికే నీరసించి ఉన్న పిల్లల మీద పడ్డ కష్టం.

అలాంటి బిడ్డకు సర్కారు బడిలో ఏం దొరికేదో గుర్తు చేసుకుందాం. మధ్యాహ్నం సన్నబియ్యం అన్నం, కూర, కొన్ని రోజులు కోడిగుడ్డు. ఎదిగే పిల్లలకు వారానికొక నీలిరంగు ఐరన్ మాత్ర. ఏటా నులిపురుగుల మందు. ఎప్పుడో ఒకసారి జీపులో వచ్చే బాలల ఆరోగ్య బృందం. గుండెలో చిల్లు ఉందనో, చెవి వినిపించదనో తొలిసారి కనిపెట్టేది వాళ్లే. బడికి తాళం పడితే ఇవన్నీ ఒక్కసారే ఆగుతాయి. మధ్యాహ్న భోజనం ఏం చేస్తారని సుప్రీంకోర్టు 2020 మార్చి 18న తనంతట తానుగా రాష్ట్రాలను నిలదీసింది. అంగన్‌వాడీల సరుకు ఇళ్లకు చేరవేశారు. అయితే ఇంటికొచ్చిన గుడ్డు బిడ్డ కంచంలోకే వెళుతుందన్న హామీ లేదు. కూలి పోయిన ఇంట్లో ఏ సరుకైనా అందరి కుండలోనే ఉడుకుతుంది. బడిలో మాత్రమే ఆ గుడ్డు ఆ బిడ్డది.

కొడంగల్, దౌల్తాబాద్, బొంరాస్‌పేట తండాల నుంచి పుణె, ముంబై పనులకు వెళ్లే కుటుంబాలకు ఆ ఏడాది రెండు దెబ్బలు తగిలాయి. అక్కడ పని ఆగింది, ఇక్కడ బడి ఆగింది. తిరిగొచ్చిన ఇంట్లో పదేళ్ల బిడ్డ కూడా సంపాదించే చేయిగా కనిపించడం మొదలైంది. పత్తి ఏరే వేళ, కంది కోసే వేళ ఆ చేతికి కూలి దొరుకుతుంది. ఆడపిల్ల సంగతి ఇంకా కష్టం. తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. బడికి వెళ్లే అమ్మాయికి, పెళ్లి మాట ఎత్తితే అడ్డుకునే టీచరమ్మ ఒకరుంటారు; రాకపోతే ఎందుకు రాలేదని కబురు పంపుతారు. బడి లేని ఏడాదిన్నరలో ఆ కబురు పంపేవారు లేరు. పదహారేళ్లకు తల్లయ్యే పిల్ల రక్తహీనత, ఆ పిల్లకు పుట్టే బిడ్డ తక్కువ బరువు, ఇవి లాక్‌డౌన్ ఖాతాలో ఎవరూ రాయని ఖర్చులు.

తోడు

మనసు మాటకొస్తే మన దగ్గర పదాలే తక్కువ. పిల్లాడు అన్నం ముట్టకపోతే దిష్టి అంటాం. ఊరికే ఏడిస్తే మొండి అంటాం, మాట్లాడకపోతే బుద్ధిమంతుడంటాం. చిన్నపిల్లల దిగులు దిగులులా కనిపించదు. కడుపునొప్పిగా, తలనొప్పిగా, పక్క తడపడంగా, అమ్మ కొంగు వదలకపోవడంగా బయటపడుతుంది. వివిధ దేశాల్లో 80 వేల మందికి పైగా పిల్లలపై జరిగిన 29 అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ 2021 ఆగస్టులో అచ్చయింది. నలుగురిలో ఒకరికి కుంగుబాటు లక్షణాలు, అయిదుగురిలో ఒకరికి ఆందోళన లక్షణాలు ఉన్నాయని తేల్చింది. మహమ్మారికి ముందు అంచనాలకు ఇది రెట్టింపు. మనసు బాగోలేనప్పుడు మరొకరి సాయం తీసుకోవడం మంచిదని మన దేశంలో 15 నుంచి 24 ఏళ్లవారిలో 41 శాతం మందే చెప్పారనీ, సర్వే జరిగిన 21 దేశాల సగటు 83 శాతమనీ యునిసెఫ్ అదే ఏడాది వెల్లడించింది. అడగకూడదని నేర్పి, అడగలేదని ఊరుకున్నాం.

ఇంటర్ పిల్లలకు జరిగింది చూస్తే మన తీరు తెలుస్తుంది. 2020లో పదో తరగతి పరీక్షలు మూడు పేపర్లయ్యాక ఆగిపోయి, చివరికి రద్దయి అందరూ పాసయ్యారు. ఆ పిల్లలే ఇంటర్ మొదటి ఏడాది తెర మీద చదివారు, పరీక్ష లేకుండానే రెండో ఏడాదిలో చేరారు. ఆ తర్వాత 2021 చివర్లో వారికి మొదటి ఏడాది పరీక్ష పెట్టారు. సుమారు 4.59 లక్షల మంది రాస్తే 49 శాతమే గట్టెక్కారు. ఫలితాల తర్వాత కొన్ని ఇళ్లు పిల్లల్ని పోగొట్టుకున్నాయి. గొడవ పెరిగాక డిసెంబరు 24న ప్రభుత్వం అందరినీ పాస్ చేసింది. ఏడాదిన్నర పిల్లల మనసు ఎలా ఉందో అడగని వ్యవస్థ, మొదటి పలకరింపుగా ప్రశ్నపత్రం చేతిలో పెట్టింది. దేశంలో విద్యార్థుల ఆత్మహత్యలు 2019లో 10,335 అయితే 2020లో 12,526 అని జాతీయ నేర రికార్డుల సంస్థ లెక్క. ప్రతి మరణానికీ లాక్‌డౌనే కారణమని ఈ అంకె చెప్పదు. ఆ ఏడాది పిల్లలను కనిపెట్టుకుని ఉండే కళ్లు తగ్గాయని మాత్రం చెబుతుంది.

చదువులోని లోటు కూడా చివరికి మనసుకే తగులుతుంది. మూడో తరగతిలో ఉండి రెండో తరగతి పాఠం చదవగల పిల్లలు తెలంగాణ పల్లెల్లో 2018లో 18.1 శాతం, 2022లో 5.2 శాతం అని అసర్ నివేదిక. 2022లో మూడో తరగతిలో ఉన్నవారెవరు? టీవీ పాఠం కూడా లేని ఒకటో తరగతి పిల్లలు వీళ్లే. వాళ్లు 2025 జూన్‌లో ఆరో తరగతికి, అంటే హైస్కూలు గడపకు చేరారు. పుస్తకం తెరిస్తే అక్షరాలు పలకని బిడ్డ తరగతిలో వెనక బెంచీకి, ఆ తర్వాత బడి బయటికి జరుగుతుంది. సిగ్గు కూడా ఒక జబ్బే. దానికి మాత్ర లేదు.

మరో దారి లేదా?

ఉంది. జార్ఖండ్‌లో దుమ్కా జిల్లా దుమర్‌థర్ గ్రామంలో ఇళ్ల మట్టిగోడల మీద నల్లబల్లలు గీసి, పిల్లలను ఎడం ఎడంగా వీధిలోనే కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. తాండూరు నుంచి కాస్త దూరం వెళితే వచ్చే కర్ణాటకలో 2020 ఆగస్టులో ‘విద్యాగమ’ మొదలైంది. టీచర్లే పిల్లల దగ్గరికి వెళ్లి చెట్ల కింద, గుడి మండపాల్లో చదివించారు. టీచర్లకు, పిల్లలకు వైరస్ సోకిందన్న విమర్శలతో అక్టోబరులో దాన్ని ఆపి, జాగ్రత్తలు పెంచి 2021 జనవరిలో తిరిగి ప్రారంభించారు. మన సాంఘిక సంక్షేమ గురుకులాలు కూడా ఊళ్లలోనే పిల్లలను చిన్న బృందాలుగా చేర్చి చదువుకునే ఏర్పాటు చేశాయి. 1904లోనే జర్మనీలో బెర్లిన్ పక్కన క్షయ భయం ఉన్న పిల్లల కోసం చెట్ల మధ్య ఆరుబయటి బడి నడిపారు. గాలి, వెలుతురు, తిండి, తోడు నాలుగూ ఒకచోట దొరికే దారి అది. చెట్లకు, ఖాళీ జాగాకు కొదవలేని వికారాబాద్ జిల్లాలో అది అసాధ్యమా? హైదరాబాద్ నడిబొడ్డున కేసులు పెరిగితే అడవి అంచు తండాలో ఇరవై మంది చదివే బడికి కూడా అదే రోజు తాళం వేయాలన్న ఒకే ఉత్తర్వు ఆ దారిని మూసేసింది.

ఇక చేయాల్సిన పనులు. ఒకటి, లాక్‌డౌన్ నాటికి పన్నెండేళ్లలోపు ఉన్న ప్రతి బడి పిల్లకూ, పిల్లవాడికీ ఎత్తు, బరువు, చూపు, హిమోగ్లోబిన్ పరీక్షించి ఆరోగ్య కార్డు ఇవ్వాలి. కంటివెలుగు లాంటి భారీ కంటి పరీక్షల శిబిరాలు నడిపిన రాష్ట్రానికి ఇది తలకు మించిన పని కాదు. జిల్లాకు తాండూరులో ఆసుపత్రి ఉంది, 2023 నుంచి వికారాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ఆ విద్యార్థుల క్షేత్ర శిక్షణ ఇక్కడి బడుల నుంచే మొదలు కావచ్చు. రెండు, మండలానికొక సలహాదారును నియమించి, వారానికొకసారైనా ప్రతి ఉన్నత పాఠశాలకు పంపాలి. కేంద్రం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీమానస్ నంబరు 14416ను, ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098ని ప్రతి బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. మూడు, ఆట గంటను లెక్కల పాఠానికి అరువివ్వడం ఆపాలి. నాలుగు, బడిని అత్యవసర సేవల జాబితాలో చేర్చాలి. రేపు ఏ మహమ్మారి వచ్చినా చివరగా మూసేది, మొదట తెరిచేది బడే కావాలి. ఆ నిర్ణయం మండలం వారీగా, కేసుల లెక్క చూసి జరగాలి. మూయక తప్పకపోతే వండిన భోజనం, ఐరన్ మాత్ర, టీకా, టీచరు పలకరింపు ఒక్క వారమూ ఆగకూడదు.

ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిని శాసనసభకు పంపిన కొడంగల్ ఈ జిల్లాలోనిదే. 2023 డిసెంబరులో పదవి చేపట్టాక విద్యాశాఖను ఆయన తన దగ్గరే ఉంచుకున్నారు. ఈ లెక్క తీయించడానికి ఇంతకన్నా అనువైన చోటు మరొకటి ఉండదు. తల్లిదండ్రులు కూడా ఒక పని చేయవచ్చు. ఈ సాయంత్రం పిల్లలను మార్కులు అడగకండి. ఆ రోజుల్లో ఎలా గడిచిందిరా అని అడిగి, వాళ్లు చెప్పేది చివరిదాకా వినండి. ఆ 534 రోజుల్లో ఏం జరిగిందో వాళ్లను ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.